11 రౌండ్లు మిక్స్ చేశాను, అయినా దొరికిపోయానా?

చిల్లరలెక్క:
అందరికీ నమస్కారం. చాలా రోజులుగా చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదటిసారి. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

నేను మిక్సింగ్‌లోకి (మన బిట్‌కాయిన్లని ఇతరులవాటితో కలిపి ఏది ఎవరిదో తెలియకుండా చేయడం) రావడానికి కారణం చాలా చిన్నది. ఒకాయనకి బిట్‌కాయిన్‌లో డబ్బు ఇవ్వాల్సి వచ్చి పంపించాను. పది నిమిషాల్లో ఆయన దగ్గర్నుంచి మెసేజ్: "మీ దగ్గర ఇంకా బాగానే ఉందే!" నేను పంపిన లావాదేవీలో మిగిలిన చేంజ్‌ని ఎక్స్‌ప్లోరర్‌లో (ఎవరి లావాదేవీనైనా చూపించే వెబ్‌సైట్) చూశాడట. ఆ రోజు నుంచి మనసులో ముల్లు గుచ్చుకున్నట్టే ఉంది.

అందుకని 2023లో వర్ల్‌పూల్ అనే మిక్సింగ్ సేవలో వేశాను. 0.01 బిట్‌కాయిన్ల పూల్, అంటే ఒక్కో కాయిన్ అంతే ఉండే గుంపు. అయిదుగురు కాయిన్లు వేస్తే అయిదు సమానమైన కాయిన్లు బయటికి వస్తాయి, ఏది ఎవరిదో తెలియదు. ఆ తర్వాత వాలెట్ ఆన్‌లో ఉంచితే చాలు, ఉచితంగా మళ్లీ మళ్లీ రీమిక్స్ అవుతూ ఉండేది. 11 రౌండ్ల దాకా వెళ్లాయి. ఒక్కో రౌండ్‌కి అయిదుగురు అనుకుంటే 5ని 11 సార్లు హెచ్చించాలి. అంటే 4,88,28,125. దాదాపు అయిదు కోట్ల మందిలో నేనొకణ్ణి! ఇంక నన్నెవరు పట్టుకుంటారు అనుకున్నాను.

పోయిన నెల కొన్ని కాయిన్లు హార్డ్‌వేర్ వాలెట్‌కి మార్చి, అక్కణ్ణుంచి 0.02 ఎక్స్‌ఛేంజ్‌కి పంపాను. అకౌంట్ హోల్డ్‌లో పెట్టారు. "ఈ నిధుల మూలం వివరించండి" అని ఈమెయిల్. అయిదు కోట్ల మందిలో నేనెలా దొరికాను? మిక్సింగ్ పనిచేయలేదా? నిద్ర పట్టడం లేదు, నిజంగా.

హ్యాష్‌బాబు:
11 రౌండ్లా! నేను మూడింటికే ఆపేశాను బ్రో. ఎక్స్‌ఛేంజ్ వాడు ఊరికే బెదిరిస్తున్నాడు, వాడికేమీ తెలియదు. ఇంకో పది రౌండ్లు వేసి ఉంటే ఈ గొడవే ఉండేది కాదు.

నోడ్_మనదే:
హ్యాష్‌బాబు గారూ, తొందరపడకండి. చిల్లరలెక్క గారూ, నాలుగు విషయాలు చెప్పండి. టీఎక్స్‌జీరోలోకి (పూల్‌లోకి వెళ్లే ముందు డబ్బుని సమానమైన ముక్కలు చేసే మొదటి లావాదేవీ) ఎంత వేశారు? అది ఎక్కణ్ణుంచి వచ్చిన డబ్బు? హార్డ్‌వేర్ వాలెట్‌కి ఎన్ని కాయిన్లు ఎలా పంపారు? ఆ కాయిన్లలో ఒక్కోదానికి ఎన్ని మిక్సులు అయ్యాయి? లావాదేవీ ఐడీలు మాత్రం ఇక్కడ పెట్టకండి. మొన్న ఒకరు తన ప్రైవసీ ఎంత బాగుందో చూడమని ఐడీనే పెట్టారు.

చిల్లరలెక్క:
చెప్తాను. అదే ఎక్స్‌ఛేంజ్ నుంచి 0.0645 విత్‌డ్రా చేసుకున్నాను, అది నేరుగా టీఎక్స్‌జీరోలోకి వెళ్లింది. పూల్ ఫీజు, మైనర్ల (లావాదేవీని చైన్‌లో చేర్చేవాళ్ల) ఫీజు పోగా 0.01వి ఆరు కాయిన్లు, 0.0038 చేంజ్ వచ్చాయి. ఆ ఆరింటిలో మూడు కాయిన్లు కలిపి ఒకే లావాదేవీలో హార్డ్‌వేర్ వాలెట్‌కి పంపాను. ఒకే లావాదేవీ అయితే ఫీజు కలిసొస్తుందని.

మిక్సుల సంఖ్య ఇప్పుడే చూశాను. ఒకటి 11. ఒకటి 4. మూడోది... 1. అన్నీ 11 అనుకున్నాను నేను!

లెక్కలమాష్టారు:
ఆ మూడు అంకెల్లోనే ఉంది మీ కథంతా.

ముందు ఆ అయిదు కోట్ల సంగతి తేల్చేద్దాం. 5ని 11 సార్లు హెచ్చిస్తే వచ్చేది దారుల లెక్క, మనుషుల లెక్క కాదు. వెనక్కి వెళ్తున్నకొద్దీ ఆ దారులు మళ్లీ మళ్లీ అవే కాయిన్ల దగ్గర కలుస్తాయి. రీమిక్స్‌లో ఈ రౌండ్‌లో మీతో కూర్చున్నవాడే మూడు రౌండ్ల తర్వాత మళ్లీ రావచ్చు. ఆ పూల్‌లోకి అప్పటిదాకా వచ్చినవాళ్లు ఎంతమందో అంతకు మించి మీరు దాక్కునే గుంపు పెరగదు. వంద మంది ఉన్న గదిలో ఎన్నిసార్లు కుర్చీలు మార్చుకున్నా గదిలో ఉండేది వంద మందే.

ఇక అసలు దెబ్బ. మూడు కాయిన్లని ఒకే లావాదేవీలో ఇన్‌పుట్లుగా (లోపలికి వెళ్లే కాయిన్లుగా) పెట్టారు. చైన్ (లావాదేవీలన్నీ అందరికీ కనిపించే పద్దు) చదివేవాళ్లు మొట్టమొదట వేసుకునే అంచనా "ఈ ఇన్‌పుట్లన్నీ ఒకరివే" అని. ఇదేమీ కొత్త విషయం కాదు, 2008 నాటి బిట్‌కాయిన్ శ్వేతపత్రంలో ప్రైవసీ భాగంలోనే ఉంది: చాలా ఇన్‌పుట్లున్న లావాదేవీ అవన్నీ ఒకే యజమానివని తప్పనిసరిగా బయటపెడుతుందని. కాయిన్‌జాయిన్ (వర్ల్‌పూల్‌లోలా పలువురి కాయిన్లని ఒకే లావాదేవీలో కలిపే పద్ధతి) పుట్టిందే ఈ అంచనాని తప్పించడానికి. మీరు కాయిన్‌జాయిన్ అంతా చేసి, చివరికి ఆ అంచనానే నిజం చేసి చూపించారు.

ఇప్పుడు చూసేవాడు ఏం చేస్తాడంటే, ఒక్కో కాయిన్ వెనక్కి వెళ్లి "ఇది ఏయే టీఎక్స్‌జీరోల నుంచి వచ్చి ఉండొచ్చు" అని మూడు జాబితాలు రాసుకుంటాడు. యజమాని ఒకడే కాబట్టి, మూడు జాబితాల్లోనూ ఉన్న పేర్లే మిగుల్చుకుంటాడు. మీ టీఎక్స్‌జీరో మూడింట్లోనూ ఉంటుంది. మిగతావాళ్లలో ఎంతమంది ఉంటారు?

చిల్లరలెక్క:
మాష్టారూ, అలాగైతే 11 రౌండ్ల కాయిన్ జాబితా చాలా పెద్దదిగా ఉండాలి కదా? అందులో అందరూ ఉంటారు. అది నన్ను కాపాడదా?

లెక్కలమాష్టారు:
మంచి ప్రశ్న. కాపాడుతుంది, కానీ దాని పక్కన ఏం నిలబెట్టారన్నది చూడాలి.

ఉదాహరణకి ఊహించిన అంకెలు తీసుకుందాం. పూల్‌లో మొత్తం 10,000 టీఎక్స్‌జీరోలు ఉన్నాయనుకోండి. ఒక్కో కాయిన్ జాబితాలో 200 ఉన్నాయి. వేరే ఎవరో ఒకరు కాకతాళీయంగా ఒక జాబితాలో ఉండే అవకాశం యాభైలో ఒకటి. మూడింట్లోనూ ఉండాలంటే 1,25,000లో ఒకటి. 10,000 మందిలో అలాంటివాడు సగటున 0.08. అంటే మీరు తప్ప ఎవరూ మిగలరు.

అదే మూడు కాయిన్లూ చాలా రౌండ్లు తిరిగి, ఒక్కో జాబితాలో 10,000లో 9,000 ఉన్నాయనుకోండి. మూడింట్లోనూ ఉండేవాళ్లు 7,290. అప్పుడు కలిపి ఖర్చు చేసినా పెద్దగా ఏమీ తెలియదు. కాబట్టి రౌండ్లు దండగ అని నేను అనను. మళ్లీ మళ్లీ మిక్స్ చేయడం వల్ల అసలు లాభం ఇక్కడే. నిజానికి జాబితాలో ఉన్నవాళ్లందరికీ సమానమైన అవకాశం ఉండదు, టైమింగ్ కూడా చూస్తారు. అయినా దిశ ఇదే.

కానీ మీ మూడో కాయిన్ ఒక్కసారే మిక్స్ అయింది. ఆ మిక్స్‌లో అయిదు ఇన్‌పుట్లు. వాటిలో కొన్ని కొత్తగా వచ్చినవి, కొన్ని రీమిక్స్‌కి వచ్చినవి. కొత్తవాటిలో ఒకటి నేరుగా మీ టీఎక్స్‌జీరో నుంచి. చూసేవాడికి అడుగు దూరంలో మీరు కనిపిస్తున్నారు. అక్కడ మొదలుపెట్టి, 4 రౌండ్ల కాయిన్‌తో సరిచూసుకుని, 11 రౌండ్ల కాయిన్‌లోనూ ఈ పేరు ఉందా అని చూస్తే చాలు. అంత కష్టపడి తిప్పిన కాయిన్‌ని తీసుకొచ్చి, ఇల్లు తెలిసిపోయిన కాయిన్ చేతిలో పెట్టారు.

హ్యాష్‌బాబు:
అమ్మో. నేను అన్నీ కలిపే పంపుతాను ఎప్పుడూ 😬

పాతకాపు:
మాష్టారు చెప్పింది కరెక్టే, కానీ ఈ చర్చలో అందరూ ఒక విషయం వదిలేస్తున్నారు. ఎక్స్‌ఛేంజ్ వాడు ఇంత లెక్క వేశాడని ఎందుకు అనుకుంటున్నారు? అంత అవసరమే లేదు.

వర్ల్‌పూల్ లావాదేవీ చూడగానే తెలిసిపోతుంది. అయిదు లోపలికి, అయిదు బయటికి, బయటికొచ్చినవన్నీ సరిగ్గా 0.01. దానికి టార్చిలైటు అక్కర్లేదు. ఆ అయిదులో ఏది మీదో అది దాస్తుంది గానీ, మీరు మిక్స్ చేశారన్న సంగతి దాచదు. ఈ రెండూ వేర్వేరు. ఎక్స్‌ఛేంజ్ సాఫ్ట్‌వేర్ వచ్చిన డిపాజిట్ వెనక్కి రెండు అడుగులు వేసింది, కాయిన్‌జాయిన్ కనిపించింది, ఎర్ర జెండా ఎత్తింది. అంతే. మీ పేరు వాళ్లు కనిపెట్టక్కర్లేదు, మీరే లాగిన్ అయి డిపాజిట్ చేశారు కదా! పైగా 0.0645 విత్‌డ్రా చేసింది కూడా అక్కడి నుంచే. తాడు రెండు కొసలూ వాళ్ల చేతికే ఇచ్చి, మధ్యలో ముళ్లు వేసి ఏం లాభం?

అందుకని నేనైతే మీ ప్రశ్ననే మార్చి అడుగుతాను. మీరు ఎవరి నుంచి దాచాలనుకున్నారు? మెసేజ్ పెట్టిన ఆ పెద్దమనిషి నుంచి అయితే, మిక్సింగ్ బాగానే పనిచేసింది. ఇప్పుడు మీరు ఒక 0.01 కాయిన్ నుంచి ఆయనకి చెల్లిస్తే మిగతావి ఆయనకి కనపడవు. ఎక్స్‌ఛేంజ్ నుంచి అయితే ఆట మొదలుకాకముందే అయిపోయింది.

కొత్తబిచ్చగాడు:
నాకో డౌటు. ఇన్ని తిప్పలెందుకు, డబ్బు తీసుకుని వేరే కాయిన్లు తిరిగిచ్చే వెబ్‌సైట్లు ఉంటాయి కదా? అక్కడ వేస్తే ఒక్క దెబ్బకి అయిపోదా? ఎవరైనా మంచిది చెప్పండి.

పాతకాపు:
పేరుకి తగ్గట్టే అడిగారు. అక్కడ మీ కాయిన్లు వాళ్ల చేతికి వెళ్లిపోతాయి. తిరిగి ఇస్తే మీ అదృష్టం. ఇచ్చినా, ఎవరివి ఎవరికి వెళ్లాయో వాళ్ల దగ్గర లెక్క ఉంటుంది, ఆ లెక్క రేపు ఎవరి చేతిలో పడుతుందో తెలియదు. అలాంటి సైటే అయిన చిప్‌మిక్సర్ సర్వర్లని 2023 మార్చిలో జర్మనీ, అమెరికా అధికారులు పట్టుకున్నారు. అలాంటిదే బిట్‌కాయిన్ ఫాగ్ నడిపిన రోమన్ స్టెర్లింగోవ్‌కి 2024 నవంబరులో పన్నెండున్నరేళ్ల జైలుశిక్ష పడింది. మీ కాయిన్లకి బదులు మీకొచ్చే కాయిన్లు ఎవరి దొంగసొమ్మో కూడా తెలియదు.

కాయిన్‌జాయిన్‌లో అలా కాదు. 2013లో గ్రెగరీ మాక్స్‌వెల్ చెప్పిన పద్ధతి ఇది. అందరూ కలిసి ఒకే లావాదేవీ రాస్తారు, తన కాయిన్ తనకి సరిగ్గా తిరిగొస్తోందని చూసుకున్నాకే ఎవరి సంతకం వాళ్లు పెడతారు. ఒక్కరు సంతకం పెట్టకపోయినా అది చెల్లదు. కాబట్టి మధ్యవాడు దొంగిలించలేడు.

మోడరేటర్:
ఒక మాట. సైట్ల పేర్లు సూచించడం ఇక్కడ కుదరదు. దొంగిలించిన కాయిన్లు, పన్ను ఎగవేత గురించి అడిగితే పోస్టు తీసేస్తాను. మీ ఆర్థిక వివరాలు పక్కవాడికి కనిపించకూడదనుకోవడం వేరు, అది వేరు. చర్చ కొనసాగించండి.

నోడ్_మనదే:
చిల్లరలెక్క గారూ, నా అనుమానం ఇంకోటుంది. 2023లో మీరు వర్ల్‌పూల్ నడిపిన సమురాయ్ వాళ్ల మొబైల్ వాలెట్ వాడారా? మీ సొంత డోజో ఉండేదా?

చిల్లరలెక్క:
మొబైల్‌లోనే. డోజో అంటే?

నోడ్_మనదే:
అయ్యో.

సొంత నోడ్‌కి (చైన్‌ని మన కంప్యూటర్లోనే సరిచూసుకునే సాఫ్ట్‌వేర్) కలిపి పెట్టుకునే సర్వర్ అది. అది లేకపోతే మీ వాలెట్ బ్యాలెన్స్ తెలుసుకోవడానికి మీ ఎక్స్‌పబ్‌ని వాళ్ల సర్వర్‌కి పంపేది. ఎక్స్‌పబ్ అంటే మీ అడ్రసులన్నీ పుట్టించే తాళంచెవి లాంటిది. దాంతో ఖర్చు చేయలేరు గానీ, మీ ఇప్పటి అడ్రసులు, రేపటి అడ్రసులు అన్నీ చూడొచ్చు. మిక్స్‌కి ముందువి, తర్వాతవి అన్నీ కలిపి. చైన్‌లో 11 కాదు 110 రౌండ్లు వేసినా, అడ్రసుల జాబితా ఉన్నవాడికి మీ కాయిన్ వరసగా కనిపిస్తూనే ఉంటుంది. 2024 ఏప్రిల్ 24న ఆ వాలెట్ చేసిన కీయోన్ రోడ్రిగెజ్, విలియం హిల్‌లని అరెస్టు చేశారు, సర్వర్లు కూడా స్వాధీనం చేసుకున్నారు. 2025లో లైసెన్సు లేకుండా డబ్బు బదిలీ వ్యాపారం నడిపే కుట్ర అభియోగం మీద నేరం ఒప్పుకున్నారు, ఒకరికి అయిదేళ్లు, ఒకరికి నాలుగేళ్లు శిక్ష పడింది. సర్వర్లో ఏం దొరికిందో మనం ఊహించి టెన్షన్ పడి లాభం లేదు. కానీ ఆ ఎక్స్‌పబ్ ఇక మీ ఒక్కరిదే అనుకోకండి.

కొత్త వాలెట్ తెరిచి మిగతావి అందులోకి మార్చండి. మార్చేటప్పుడు మళ్లీ మూడూ కలిపి పంపకండి, దణ్ణం పెడతాను. ఒక్కోటి విడిగా, వేర్వేరు రోజుల్లో, వేర్వేరు అడ్రసులకి.

గోడమీదపిల్లి:
ఇందుకే నేను మొదట్నుంచీ వసాబీ అనే వేరే మిక్సింగ్ వాలెట్ వాడాను. అది మీ అడ్రసులు ఎవరికీ పంపదు, బ్లాక్ ఫిల్టర్లు (ఏ బ్లాక్‌లో ఏ అడ్రసులున్నాయో చెప్పే చిన్న సూచికలు) దించుకుని మీ కంప్యూటర్లోనే వెతుక్కుంటుంది. 2.0లో అయితే ఒక్కో రౌండ్‌లో పదుల నుంచి వందల దాకా ఇన్‌పుట్లు. అయిదుగురు ఏ మూలకి?

పాతకాపు:
ఆ వసాబీ కోఆర్డినేటర్ (రౌండ్లు నడిపే సర్వర్) 2022 మార్చిలో కొన్ని కాయిన్లని రౌండ్లలోకి రానివ్వం అని ప్రకటించింది గుర్తుందా? 2024 జూన్ 1న అసలు కోఆర్డినేటర్నే మూసేశారు. ఇప్పుడు వేరేవాళ్లు నడిపే కోఆర్డినేటర్లని మీరే ఎంచుకోవాలి. చిన్న కోఆర్డినేటర్ దగ్గర వంద ఇన్‌పుట్లు కనిపించినా, అందులో ఎనభై ఒకడివే అయితే? వాడి దృష్టిలో మీ గుంపు ఇరవై. రౌండ్లెన్ని వేశారన్న లెక్క కంటే, ఎదురుగా ఉన్నవాళ్లు నిజంగా వేర్వేరు మనుషులా కాదా అన్నదే నాకు ముఖ్యం.

గోడమీదపిల్లి:
మీకు ఆ జాయిన్‌మార్కెట్ అనే మిక్సింగ్ సాఫ్ట్‌వేర్ తప్ప ఏదీ నచ్చదు లెండి 🙂

పాతకాపు:
అందులోనూ లోపాలున్నాయి, కాదనను. మధ్యలో కోఆర్డినేటర్ ఉండడు, కాయిన్లు పెట్టి కూర్చునే మేకర్లకి చిన్న ఫీజు ఇచ్చి టేకర్ మిక్స్ చేసుకుంటాడు. టేకర్‌కి ఆ లావాదేవీలో ఎవరిది ఏదో మొత్తం తెలుస్తుంది. మేకర్‌గా ఉంటే ఒకే టేకర్ పదేపదే వచ్చి మీ కాయిన్‌ని వెంబడించొచ్చు. ఒకడే వంద మేకర్లలా నటించకుండా ఫిడిలిటీ బాండ్లు తెచ్చారు, అంటే కాయిన్లని కొంతకాలం తాళం వేసి పెట్టాలి. నటించడం ఖరీదవుతుంది, అసాధ్యం కాదు.

లెక్కలమాష్టారు:
ఆ తగువు పక్కన పెట్టండి, పిల్లి గారికి నాదొక మాట. గుంపు ఎంత పెద్దదైనా తర్వాత చేసే ఖర్చుల్లోనే ఎక్కువమంది పడిపోతారు. 2017లో ప్రిన్స్‌టన్ పరిశోధకులు చూపించింది ఇదే. ఆన్‌లైన్ దుకాణాల పేజీల్లో ఉండే ట్రాకర్లకి చెల్లింపు వివరాలు తెలుస్తుంటాయి. ఒకే మనిషి చేసిన రెండు మూడు చెల్లింపులు ట్రాకర్ కుకీ ద్వారా కలిస్తే, మధ్యలో కాయిన్‌జాయిన్ ఉన్నా జాబితాలు కలిపి చూసి వాలెట్‌ని పట్టుకోవచ్చని. గమనించండి, అక్కడ ఎవరూ కాయిన్లు కలిపి ఖర్చు పెట్టక్కర్లేదు. విడివిడిగా ఖర్చు పెట్టినా, "ఈ రెండూ ఒకడే" అని చైన్ బయట ఇంకెక్కడో తెలిస్తే చాలు. ఒకే పేరుతో రెండు ఆర్డర్లు పెట్టినా అంతే సంగతి.

హ్యాష్‌బాబు:
మరి 0.026 లాంటి మొత్తం చెల్లించాలంటే ఏం చేయాలి? 0.01 కాయిన్లు కలపక తప్పదు కదా?

లెక్కలమాష్టారు:
తప్పనప్పుడు వేర్వేరు టీఎక్స్‌జీరోల నుంచి వచ్చిన కాయిన్లు, అన్నీ బాగా తిరిగినవి తీసుకోండి. కాయిన్ కంట్రోల్ ఉన్న వాలెట్ అయితే మీరే ఎంచుకోవచ్చు, ఆటోమేటిక్‌కి వదిలేస్తే అది ఫీజు చూస్తుంది గానీ మీ ప్రైవసీ చూడదు. అవతలివాళ్లు ఒప్పుకుంటే పేజాయిన్ ఇంకా మేలు. అందులో తీసుకునేవాడు కూడా తన ఇన్‌పుట్ ఒకటి కలుపుతాడు, బయటికి మామూలు చెల్లింపులాగే ఉంటుంది. ఎర్ర జెండాకి ఆస్కారం తక్కువ. చిన్న మొత్తాలైతే లైట్నింగ్ (ఒక్కో చెల్లింపూ చైన్‌లోకి ఎక్కకుండా జరిగే పద్ధతి).

చేంజ్ విషయంలో మాత్రం జాగ్రత్త. 0.01లో 0.006 ఖర్చు పెడితే మిగిలే 0.004 మిక్స్ అయిన కాయిన్ కాదు, ఆ ఖర్చు వాసన దానికి అంటుకునే ఉంటుంది. దాన్ని వేరే మిక్స్‌డ్ కాయిన్‌తో కలిపారో, మళ్లీ మొదటికొస్తారు.

చిల్లరలెక్క:
రెండు వారాల తర్వాత వస్తున్నాను, అప్‌డేట్ ఇవ్వాలి కదా.

పాతకాపు గారి మాటలు విన్నాక ఎక్స్‌ఛేంజ్‌కి ఉన్నదున్నట్టు రాశాను. మీ దగ్గర్నుంచే ఈ తేదీన విత్‌డ్రా చేశాను, ఇది టీఎక్స్‌జీరో, ఇది మిక్స్, ఇది నా హార్డ్‌వేర్ వాలెట్, ఇది మీకు వచ్చిన డిపాజిట్ అని. వరసగా స్క్రీన్‌షాట్లు పెట్టాను. 11 రౌండ్ల కాయిన్‌కి దారి చూపించడానికే నాకు రెండు రాత్రులు పట్టింది. ఎంత కష్టపడి దాచానో అంతా నా చేతులతోనే విప్పి చూపించాను. తొమ్మిదో రోజు హోల్డ్ తీసేశారు, ఇకపై ఇలాంటి డిపాజిట్లు తీసుకోం అని ఒక వార్నింగ్‌తో.

మిగతా మూడు కాయిన్లని నోడ్_మనదే గారు చెప్పినట్టు కొత్త వాలెట్‌లోకి విడివిడిగా మార్చాను. మొదటిది సోమవారం, రెండోది గురువారం, మూడోది ఇవాళ పొద్దున. ఒక్కోదానికి లేబుల్ రాసి పెట్టాను, ఎన్ని మిక్సులు అయ్యాయో కూడా. ఒకటి 7, ఒకటి 6, ఒకటి 2. ఆ 2ది ఫ్రీజ్ చేసేశాను.

ఇక టీఎక్స్‌జీరోలో మిగిలిన ఆ 0.0038 చేంజ్ ఇంకా పాత వాలెట్‌లోనే ఉంది. దాన్నేం చేయమంటారు?

నోడ్_మనదే:
దాని మీద ఎలాగూ మీ పేరు రాసి ఉంది. మీ పేరు ఇప్పటికే తెలిసినవాళ్లకి ఎవరికైనా ఇవ్వాల్సి వస్తే దాంట్లోంచి ఇవ్వండి. ఆ మెసేజ్ పెట్టినాయన ఉన్నాడుగా.

చిల్లరలెక్క:
😂 ఆయనకి ఇంకా 0.003 బాకీ ఉన్నాను.